ఏతెకాఫ్: శబ్దార్థవిచారము

రంజాన్ నెలలోఁ గడపటి పదిదినములు మసీదు విడువక యందే నివసించు ముస్లిముల వ్రతమునకు ఏతెకాఫ్ అని పేరు. దీనిని తెలుఁగునఁ దెలుపఁబూనినవారికి వెంటనే తోఁచు మాటలు మూఁడు: ఏకాంతవాసము, మౌనవ్రతము, దీక్ష. ఈ మూఁడును వ్రతస్వరూపమును గొంత తెలిపి కొంత మఱుఁగుపఱచుచున్నవి. మఱుఁగుపడునదియే ముఖ్యాంశ మగుటచే ఈ విచారము అవసరమైనది.

ఇది నిఘంటువునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. నల్లగొండ మండలమున నాగార్జునసాగర్ ఎడమకాలువ క్రింది వరిపొలముల నడుమ నున్న హాలియా వంటి యూళ్లలో హిందువుల పిల్లలును ముస్లిముల పిల్లలును ఒక్కబడిలోఁ జదువుకొందురు. "మా నాయన ఏతెకాఫ్ కూర్చున్నాఁడు" అని యొక బాలుఁడు చెప్పినపుడు పండితుఁడు దానికిఁ జెప్పిన యర్థమే తక్కిన పిల్లల మనస్సున నిలిచిపోవును. ఇల్లు విడిచిన విరక్తియని చెప్పినచో, పొరుగువానిఁ గూర్చి యొక తప్పుఁదలఁపు వారితోఁ బెరుగును. కావున మాటను సరిచూచుకొనుట బోధకునకు ధర్మము.

శబ్దము

ఏతెకాఫ్ అరబ్బీపదము. ఆ భాషలో ధాతువులు ప్రాయికముగా మూఁడేసి హల్లులు కలవి. ఈ పదమునకు మూలమైనవి ఐన్, కాఫ్, ఫే అను మూఁడు. ఒకదానిని విడువక యంటిపెట్టుకొని యుండుట యని ధాత్వర్థము. దానినుండి పుట్టిన "ఇఅ్‌తికాఫ్" అను రూపమునకుఁ దన్నుఁ దాను ఒకచోట నిలుపుకొనుట యని భావము. ఆ వ్రతము పట్టినవాఁడు ముఅతకిఫ్.

అరబ్బీ కంఠ్యాక్షరమగు ఐన్ ఉర్దూలో స్పష్టముగాఁ బలుకఁబడక తనకు ముందున్న యికారమును ఏకారముగా మార్చును. ప్రకటన యను నర్థముగల "ఇఅ్‌లాన్" ఏలాన్ అయినది. ఆక్షేపణ యను నర్థముగల "ఇఅ్‌తిరాజ్" ఏతెరాజ్ అయినది. అట్లే యిదియు ఏతెకాఫ్ అయినది. తెలంగాణమునకు ఈ పదము అరబ్బీనుండి నేరుగా గాక ఉర్దూద్వారమున వచ్చిన దనుటకు ఈ ఏకారమే సాక్ష్యము. ఉర్దూవారు "ఏతెకాఫ్ బైఠ్‌నా" అందురు. దాని ననుసరించియే తెలుఁగున "ఏతెకాఫ్ కూర్చుండుట" అను వాడుక యేర్పడినది. ఈ కూర్చుండుట యను క్రియ గమనింపఁదగినది. వెళ్లుట, తొలఁగుట, దాఁగుట అను క్రియలలో నొక్కటియు ఇచ్చటికి రాలేదు.

ఖురానున ఏతెకాఫ్ అను రూపము లేదు. ఆ ధాతువునుండి పుట్టిన యితరరూపములు పెక్కుచోట్లఁ గలవు. రెండవ యధ్యాయము 125వ వాక్యమున, ప్రదక్షిణము చేయువారికిని, నిలిచియుండువారికిని, వంగి సాఁగిలపడువారికిని కాబాగృహమును శుద్ధముగా నుంచుఁడని ఇబ్రాహీమునకును ఇస్మాయీలునకును ఆజ్ఞ యైనట్లున్నది. ఆ యధ్యాయముననే 187వ వాక్యము, మసీదులలో నిలిచియున్న కాలమున భార్యాసంగమము కూడదని విధించుచున్నది. వ్రతవిధికి ఆధారములుగాఁ బండితులు చూపునవి ప్రధానముగా నీ రెండే.

అయితే యీ ధాతువే విగ్రహముల నాశ్రయించి యుండినవారిని గూర్చియు వాడఁబడినది. ఏడవ యధ్యాయమున ఇస్రాయేలీయులు సముద్రము దాఁటి చూచిన జనులు తమ విగ్రహములను విడువక కొలుచుచుండి రనుటకును, ఇరువదవ యధ్యాయమున ఆవుదూడప్రతిమను అంటిపెట్టుకొని యుండుటకును ఇదియే పదము. ఇరువదిరెండవ యధ్యాయము 25వ వాక్యమున మక్కామసీదు స్థిరవాసికిని వెలుపలినుండి వచ్చినవానికిని సమాన మనుచోట స్థిరవాసి కిదియే పేరు. ఈ ప్రయోగములన్నియుఁ జూడఁగా ధాతువునకు నిలుచుట, అంటియుండుట అనునవియే యర్థములు. ఏకాంత మను నర్థము ఎచ్చటను గానరాదు. దేని నాశ్రయించి నిలిచితి మనునదియే మంచిచెడ్డలను నిర్ణయించుచున్నది.

మూలము

ఈ యాచారము ఇస్లామునకు ముందే అరబ్బులలో నుండెను. మక్కామసీదున ఒకరాత్రి ఏతెకాఫ్ చేయుదునని పూర్వము మ్రొక్కుకొంటి ననియు, దాని నిపుడు తీర్పవలెనా యనియు ఉమర్ అడుగఁగా, తీర్పు మని ప్రవక్త మహమ్మదు చెప్పినట్లు హదీసుగ్రంథములఁ గలదు. అనఁగా పాతయాచారమును త్రోసివేయక, క్రొత్త లక్ష్యముతో నిలిపికొనుట జరిగినది.

రంజాన్ ఉపవాసములు హిజ్రీ 2వ సంవత్సరమున, అనఁగా క్రీ. శ. 624లో, విధింపఁబడినవి. ప్రవక్త తొలుత నెలమొదటి పదిదినములును, పిదప నడిమి పదిదినములును మసీదునఁ గూర్చుండి, తాము వెదకు రాత్రి కడపటి పదింటిలో నున్నదని యెఱిఁగి, అప్పటినుండి కడపటి పదింటిని నియమముగాఁ బాటించిరని అబూ సయీద్ ఖుద్రీ చెప్పిన వృత్తాంతము. ఆ రాత్రియే లైలతుల్ ఖద్ర్. మనదేశమున షబే ఖద్ర్ అందురు. వేయి నెలలకంటె మేలైనదని ఖురాను తొంబదియేడవ యధ్యాయము దానిని గొనియాడుచున్నది. వేయి నెలలన ఎనుబదిమూఁడేండ్ల నాలుగు మాసములు: ఒక మనుష్యుని నిండుజీవితము. ఆ రాత్రి బేసితిథులలో, అందును ఇరువదియేడవ రాత్రి యని పెక్కుమంది విశ్వాసము. కాని నిశ్చయముగాఁ జెప్పఁబడలేదు. ఎప్పుడు వచ్చునో తెలియని యతిథికై వాకిటఁ గాచుకొనియుండు గృహస్థునివలె, పదిరాత్రులును మెలఁకువతో నుండుటయే యీ వ్రతమున కుపపత్తి.

ప్రవక్త తుదిరంజానున ఇరువదిదినములు కూర్చుండిరనియు, వారి నిర్యాణానంతరము వారి పత్నులు ఈ వ్రతమును సాగించిరనియు హదీసులు చెప్పుచున్నవి. ప్రవక్త మసీదుననే యుండి తల బయటికి వంచఁగా, తన గదిలోనుండియే ఆయిషా తల దువ్వినదఁట. మఱియొకనాఁటి రాత్రి భార్య సఫియ్యా చూడవచ్చి మాటలాడి వెడలునపుడు, ప్రవక్త ద్వారముదాఁక సాగనంపిరి. ఆ దారిఁ బోవు నిద్దఱు మదీనావాసులను నిలిపి, ఈమె నా భార్య సఫియ్యా సుమా యని తెలిపిరి. ఈ వృత్తాంతములలోని ముఅతకిఫ్ మౌనియుఁ గాఁడు, అజ్ఞాతవాసియుఁ గాఁడు. ఇంటివారు వచ్చుచుందురు, మాటలు సాగుచుండును, దారినిఁ బోవువారు చూచుచుందురు.

నియమములు

తెలంగాణపు ముస్లిములలో నధికసంఖ్యాకులు హనఫీశాఖవారు. హైదరాబాదు బార్కస్ ప్రాంతమునందలి హజ్రమౌత్ అరబ్బుల సంతతివారు షాఫీశాఖవారు. కావున నిచ్చట హనఫీమతమునే ప్రధానముగాఁ జెప్పి, భేదము లున్నచోట సూచింతును.

హనఫీలు ఏతెకాఫును మూఁడువిధములుగా విభజింతురు. మ్రొక్కుకొనినది వాజిబ్, అనఁగాఁ దప్పక తీర్పవలసినది. రంజాన్ కడపటి పదిదినములది సున్నతె ముఅక్కదా, అనఁగా ప్రవక్త నిరంతరముగా నాచరించినందున గట్టిగాఁ బాటింపవలసినది. తక్కినకాలముల నిచ్ఛచేఁ జేయునది నఫిల్. మ్రొక్కుబడి యేతెకాఫున కుపవాస మావశ్యకము. షాఫీలకు ఏతెకాఫున ఉపవాసము నియతము కాదు, మాలికీల కావశ్యకము.

రంజాన్ 20వ దినమున సూర్యాస్తమయమునకు ముందే ముఅతకిఫ్ మసీదు చేరవలెను. ఇస్లాముపద్ధతిని దినము సాయంకాలముతో మొదలగును గనుక, ఆ ప్రొద్దు గ్రుంకినతోడనే 21వ రాత్రి ప్రవేశించును. షవ్వాల్ నెలవంక కనఁబడువఱకు వ్రతము సాగును. చాంద్రమాసమునకు 29 గాని 30 గాని దినములగుటచే, పదిదినము లనఁబడు నీ వ్రతము ఒక్కొక్కయేఁడు తొమ్మిదింటనే ముగియును.

గురుఁడు గాని, ఉపదేశము గాని, ప్రత్యేకవస్త్రము గాని వలదు. వలసినది సంకల్పము, దానిని నియ్యత్ అందురు. మసీదున నొకమూల దుప్పటి తెఱగాఁ గట్టి, చాప పఱచుకొని, ఖురాను పారాయణమును, నమాజును, ప్రార్థనలును జేయుచు నుందురు. తినుట, నిద్రించుట అందే. ఇంటినుండి యెవరైనఁ దెచ్చిపెట్టిన సహరీ ఇఫ్తారు భోజనములే యాహారము. తెచ్చువారు లేనిచోఁ దానే పోయి తెచ్చుకొనవచ్చును.

మలమూత్రవిసర్జనమునకును, విధియైన స్నానమునకును, తానున్న మసీదున శుక్రవారపు జుమా జరుగనిచో జరుగు మసీదునకుఁ బోవుటకును బయటికి వెడలవచ్చును. నిష్కారణముగా క్షణకాలము వెడలినను వ్రతము చెడునని అబూ హనీఫా మతము. దినమున సగముకంటె నెక్కువకాల మున్నఁ గాని చెడదని శిష్యులగు అబూ యూసుఫ్, మహమ్మద్ గార్ల యభిప్రాయము. చెడినయెడల ఒకదినము ఉపవాసముతో మరలఁ గూర్చుండవలెనని పెక్కుమంది హనఫీపండితులు విధింతురు. స్త్రీలు ఇంట నమాజునకై యేర్పఱుచుకొనిన స్థలముననే కూర్చుండవచ్చునని హనఫీలు. మసీదుననే యుండవలెనని తక్కిన మూఁడుశాఖలవారు.

ఇఁక మౌనము. పలుకకుండుటయే పుణ్యమని తలఁచి మౌనము పట్టుట అయుక్తమని హనఫీగ్రంథములు స్పష్టముగాఁ జెప్పుచున్నవి. వ్యర్థప్రసంగము కూడదు, మంచిమాట యెప్పుడును గూడును. అత్యవసరమైన క్రయవిక్రయముల మాటయైన ఆడవచ్చును. సరకు మాత్రము మసీదులోనికిఁ దేరాదు. కాఁబట్టి మౌనవ్రత మను మాట విధికే విరుద్ధము.

ఊరివిధి

ఈ వ్రతమున మిక్కిలి విశేషమైన యంశము, మన పుస్తకములఁ దఱచుగా విడువఁబడునది యింకొకటి కలదు. రంజాన్ ఏతెకాఫ్ సున్నత్ మాత్రమే కాదు, "అలల్ కిఫాయా" కూడ. కిఫాయా యనఁగాఁ జాలుట. సమాజమునంతటికిని విధియై, కొందఱు చేసినచో నందఱికిఁ జాలునదియు, ఎవ్వరును జేయనిచో నందఱికిని దోషము తెచ్చునదియు అట్టి విధి. చనిపోయినవానికై చేయు జనాజా నమాజును దీనికిఁ బ్రసిద్ధోదాహరణముగాఁ జెప్పుదురు. ఊర నెవ్వరును జనాజాకు రాకున్న దోషము ఊరందఱిది. కొందఱు చేసిన విధి యందఱికిఁ దీఱినది.

ఏతెకాఫును హనఫీలు ఈ తరగతినే చేర్చిరి. ఊరి ముస్లిములలో నొకఁడైన మసీదునఁ గూర్చున్న, తక్కినవారి బాధ్యత తీఱును. విధి ఊరికొకటియా పేటకొకటియా యనుచోట భేదాభిప్రాయములు గలవు. కాని యొకనివలన పెక్కుఱకు విధి తీఱు నను సూత్రము నిర్వివాదము. ఊరివారెవ్వరును గూర్చుండక, కూలి యిచ్చి యొకనిఁ గూర్చుండఁబెట్టుట మాత్రము చెల్లదని ధర్మవేత్తలు చెప్పుదురు. ఆరాధన కూలికి రాదు. ఇష్టపూర్వకముగాఁ గూర్చున్నవాఁడే ఊరిపక్షమునఁ గూర్చున్నవాఁడు.

ఈ సూత్రము హాలియా వంటి చోట నెట్లు పనిచేయునో యోచింపుఁడు. 1967లో సాగరు కాలువలకు నీరు విడువఁబడిన పిదప ఈ ప్రాంతపు జీవితము వరిపంటతో ముడివడినది. చాంద్రసంవత్సరమునకు 354 దినములే గావున రంజాన్ ఏఁటేఁట పదిపదునొకండు దినములు ముందునకు జరుగుచు, ఇంచుమించు 33 ఏండ్లకు ఋతుచక్రమంతయుఁ దిరిగివచ్చును. 2018లో కడపటి పదిదినములు జూన్ నెలలో మృగశిరకార్తెతోఁ గూడివచ్చినవి: దుక్కులకును విత్తనములకును సమయము. 2022లో నవి యేప్రిల్ తుదిని యాసంగి కోతలమీఁదఁ బడినవి. 2025లో మార్చి తుదిని ఒంటిపూటబడుల కాలమున వచ్చినవి. రైతుగాని, కూలివాఁడుగాని, దుకాణదారుఁడుగాని పదిదినములు పని విడుచుట యనఁగా నేమో యీ లెక్కవలనఁ దెలియును. అందఱును విడుచుట అసాధ్యము. విధి యట్లు కోరలేదు. ఒకనిని విడువనిచ్చి, వాని పని తక్కినవారు చూచుకొనవలెనని దాని తాత్పర్యము. కూర్చున్నవాఁడు ఊరికై కూర్చుండఁగా, వాని పొలమునకు నీరుపెట్టు తమ్ముఁడును, అన్నము మోసికొని వచ్చు కొడుకును ఆ వ్రతమునకు ఆధారస్తంభము లగుదురు.

2020లో ఈ సూత్రమునకు గట్టిపరీక్ష వచ్చినది. ఆ యేఁడు మనదేశమున రంజాన్ ఏప్రిల్ 25న మొదలైనది. కొవిడ్ వ్యాధి నరికట్టుటకై ప్రార్థనాలయములు ప్రజలకు మూయఁబడియుండెను. వ్రతము వ్యక్తికి మాత్రమే విధియై యున్నచో వేలకొలఁది భక్తులకు లోపము గలిగియుండును. మసీదును గాచుకొనియుండిన యొకరిద్దఱు కూర్చున్నను ఊరివిధి తీఱునను కిఫాయాసూత్రము వలన, ఇండ్లఁ జిక్కినవారికిని ధర్మమున దారి యుండెను.

సామ్యభేదములు

తెలంగాణమున జనులు ఉపవాసమును ఒక్కప్రొద్దు అందురు. రోజా యను పారసీకపదమునకును దినమనియే మూలార్థము. రోజ్ అనఁగా దినము. ప్రొద్దునుబట్టి వ్రతమునకుఁ బేరిడుట రెండుభాషలకును సమానము. మఱి ఉపవాసమో? ఉప యనఁగా సమీపము, వాస మనఁగా నుండుట. యజ్ఞమునకు ముందునాఁటి రాత్రి దేవతలు యజమానుని యింట సమీపించి వసింతు రనియు, అందుచే ఉపవసథ మను పేరు కలిగె ననియు శతపథబ్రాహ్మణము నిర్వచించుచున్నది. బౌద్ధుల ఉపోసథమును ఆ పదమునుండియే వచ్చినది. తిండి మానుట తరువాత ముఖ్యార్థమైనది. పదార్థమును బట్టి చూచినచో ఉపవాసమునకు సరియైన జత రోజా కాదు, ఏతెకాఫ్. కాని రూఢి యోగమునకంటె బలీయము గావున ఆ మాట నిప్పుడు ఏతెకాఫునకు వాడఁదగదు.

హాలియాకు సమీపముననున్న నాగార్జునకొండయందు ఇక్ష్వాకుల కాలమున, అనఁగా క్రీ. శ. మూఁడు నాలుగు శతాబ్దులలో, బౌద్ధవిహారములు విలసిల్లినవి. భిక్షువులు వానకాలమున మూఁడునెలలు సంచారము మాని యొకచోట నుండు నియమమునకు వర్షావాస మని పేరు. నిలిచియుండుటలో నిది యేతెకాఫునకు సన్నిహితము. కాని భిక్షువు ఇల్లు విడిచినవాఁడు. అతనికి నిలుకడయే యపూర్వము. ముఅతకిఫ్ ఇల్లు గలవాఁడు. పండుగనెలవంక చూచి యింటికే మరలును. సన్న్యాసాశ్రమము లేని మతమున గృహస్థునకుఁ గొలఁది దినములకుఁ గొలిచి యిచ్చిన త్యాగ మిది.

సూఫీల చిల్లాతోను దీనిని గలపరాదు. చిల్లా యనఁగా నలువది దినముల సాధన. పారసీకమున నలువదికి చిహిల్ అని పేరు. అది గురువు నుపదేశముచే గుహలోనో గదిలోనో చేయునది. దానికి ఖల్వత్, అనఁగా నేకాంతము, ప్రాణము. ఖిల్వత్ అనునది యా మాటయే. హైదరాబాదు చౌమహల్లా సౌధమున కొలువుకూటమునకు ఖిల్వత్ అని పేరుండుట ఆ శబ్దమునకుఁ గలిగిన చిత్రమగు గతి. నక్ష్‌బందీశాఖవారు సభలో నేకాంతము అను భావమునకు "ఖల్వత్ దర్ అంజుమన్" అని పేరిడిరి. ఏతెకాఫునకు మిక్కిలి చేరువయైన సూఫీభావ మిదియే. ఏలన, ఏతెకాఫ్ సామూహికముగా నమాజు జరుగు మసీదుననే యుండవలెను. దినమున కైదుమారులు ఊరు తనంతటఁ దానే ముఅతకిఫ్ యొద్దకు వచ్చి, అతనిప్రక్క వరుసగా నిలుచును. పొలమువార్తయు, పొరుగువాని జ్వరమును, నెలవంకమాటయు వారితో వచ్చును. ఏకాంతమును గోరువాఁడు ఊరి నడిబొడ్డున నెందులకుఁ గూర్చుండును?

దీక్ష యను మాట మూఁడింటిలో నయము. నియమమును, కాలపరిమితిని, పట్టుదలను దెలుపును. కాని మన దేశమున దీక్షకు గురువును, మాలయు, వస్త్రమును వెంటనే మనసునకుఁ దోఁచును. అవి యిచ్చట లేవు. సన్నిధివాస మనుటయు యోగ్యముగాఁ దోఁపవచ్చును గాని, సన్నిధి యనఁగా మూర్తి యెదుట అను రూఢి గలదు. నిరాకారోపాసకులకు అది పొసఁగదు.

ఉపసంహారము

చిలుకూరి నారాయణరావుగారు 1930 నాఁటికే ఖురానును దెలుఁగునకుఁ దెచ్చి పండితులకు మార్గము చూపిరి. ఆ మార్గమున నడచువారు, పదమునకుఁ బదము వెదకునపుడు, ధాతువును విధిని రెంటిని జూడవలెను. ఏతెకాఫున ధాతువు నిలుకడను జెప్పుచున్నది. విధి ఊరిని జెప్పుచున్నది. ఈ రెండును విడిచి ఏకాంతవాస మనుట యనువాదమునఁ బెద్దలోపము.

కావున నా సూచన యిది. మూలపదమగు ఏతెకాఫునే తెలుఁగున నిలుపుకొని, అర్థము చెప్పవలసినచోట "మసీదునందలి నిలుకడవ్రతము" అని వివరింపవచ్చును. నిలుకడ యచ్చతెలుఁగుమాట; ఒకచోట నుండుటకును, మనసు చలింపకుండుటకును రెంటికిని చెల్లును. అరబ్బీధాతువునకుఁ గల యర్థ మంతయు దీనఁ గలదు. బడిలో బాలుఁడు అడిగినపుడు, "నీ తండ్రి ఊరివారందఱి పక్షమున మసీదున నిలుకడగాఁ గూర్చున్నాఁడు, పండుగనాఁటి కింటికి వచ్చును" అని చెప్పినఁ జాలును. ఆ బాలుఁడు తలయెత్తుకొని వినఁగలఁడు. ప్రక్కవాఁడును గౌరవముతో వినఁగలఁడు.